రీసీట్ అంటే రీసెట్ కాదు: తీసి మళ్లీ కూర్చోబెట్టడంలో ఉన్న అర్థాలు

సంక్షిప్తంగా: కంప్యూటర్ షాపుల్లో, సర్వీస్ పుస్తకాల్లో, ఫోన్ హెల్ప్‌లైన్లలో తరచూ వచ్చే ఇంగ్లీషు క్రియ ‘రీసీట్’. దీన్ని చాలామంది ‘రీసెట్’ అనుకుంటున్నారు. రీసెట్ చేస్తే లోపలి సెట్టింగులు, కొన్నిసార్లు డేటా కూడా పోతాయి. రీసీట్ చేస్తే ఏదీ పోదు. ఉన్న వస్తువునే తీసి, దాని చోట్లోనే గట్టిగా కూర్చోబెట్టడం అది. మనుషులకు, కుర్చీలకు, వాల్వులకు వాడినప్పుడు ఈ మాట అర్థం కొంచెం కొంచెం మారుతుంది.

కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. లోపల్నుంచి బీప్ బీప్ అని చప్పుడు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అవతలి మనిషి ‘ర్యామ్ ఒకసారి రీసీట్ చేయండి’ అంటాడు. ర్యామ్ అంటే కంప్యూటర్ లోపలి మెమరీ పలక. ఇవతల హన్మకొండలోనో పరకాలలోనో వింటున్నవారి చెవికి అది ‘రీసెట్’ అని పడుతుంది. రీసెట్ అనే మాట ఫోన్లు వాడే అందరికీ తెలుసు. ఫొటోలు, నంబర్లు అన్నీ పోయి ఫోన్ కొత్తదానిలా అయిపోవడం అని దానికి పేరు. అందుకే కొందరు టెన్షన్‌తో అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు చెప్పినట్టే చేస్తున్నామనుకుని నిజంగానే రీసెట్ బటన్ నొక్కేస్తారు. ఒక అచ్చు తేడాతో ఇంత దూరం వస్తుంది కాబట్టే ఈ మాటను నిదానంగా విడదీసి చూడాలి.

ఒకేలా వినిపించే నాలుగు మాటలు

ఇక్కడ ఇంగ్లీషులో నాలుగు మాటలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. రీసెట్ అంటే మొదటి స్థితికి తేవడం. రీసీట్ అంటే మళ్లీ కూర్చోబెట్టడం. రిసీట్ అంటే డబ్బు కట్టినందుకు ఇచ్చే చీటీ. రీసిట్ అంటే తప్పిన పరీక్షను మళ్లీ రాయడం. ఈ చివరిది బ్రిటన్‌లో ఎక్కువ వాడకం. మన దగ్గర విద్యార్థులు దాన్ని ‘సప్లీ’ అంటారు కాబట్టి చదువుకు అటు వెళ్లేదాకా ఆ మాటతో పని పడదు.

రిసీట్‌తో కూడా మనకు పెద్ద ఇబ్బంది లేదు. ‘రసీదు’ అనే మాట పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలంగాణలో ఏనాడో స్థిరపడింది. కరెంటు బిల్లు కట్టినా, మార్కెట్ యార్డులో పత్తి తూకం వేయించినా అడిగేది రసీదునే. అసలు తికమక రీసెట్‌కు, రీసీట్‌కు మధ్యే.

ఈ విషయంలో తెలుగు లిపి ఇంగ్లీషు కన్నా మెరుగు. ఇంగ్లీషు రాతలో రీసీట్‌కు (reseat), రీసెట్‌కు (reset) మధ్య తేడా ఒక్క ‘a’ అక్షరం. కంగారులో చదివేవారి కంటికి అది ఆనదు. తెలుగులో ‘సె’ వేరు, ‘సీ’ వేరు. హ్రస్వానికి, దీర్ఘానికి గుర్తులే వేరు. తెలుగులో రాసి పెడితే పొరపాటు పడే అవకాశం తక్కువ. ఫోన్‌లో విన్నప్పుడే అసలు చిక్కు.

‘సీటు’ ఎంత పాత బంధువు

తెలుగులో సీటు అనగానే ముందు బస్సు సీటు గుర్తొస్తుంది. తర్వాత బండి సీటు, కాలేజీలో సీటు, ఎన్నికల్లో సీటు. వీటన్నిట్లో ఉన్నది ఒకటే: ఒకరికో ఒకదానికో కేటాయించిన చోటు. ఇంజనీర్లు కూడా ఇదే అర్థాన్ని ఇంకొంచెం బిగించి వాడతారు. వాల్వు మూసుకున్నప్పుడు సరిగ్గా ఏ అంచు మీద ఆనుతుందో ఆ అంచే ‘వాల్వ్ సీట్’.

ఇంగ్లీషు ‘సిట్’, ‘సీట్’ మాటలకు, సంస్కృతంలోని ‘సద్’ ధాతువుకు మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. సదస్సు, సదనం, ఉపనిషత్తు ఆ ధాతువు నుంచి వచ్చినవే. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవారు. జిల్లా పరిషత్ బోర్డులో ఉన్న ‘షత్’, బస్సులోని ‘సీటు’ దూరపు చుట్టాలన్నమాట. తెలుగులో ‘కూర్చుండు’ మాత్రం ఆ కుటుంబంలోది కాదు. వరంగల్ పల్లెల్లో అది ‘కూసుండు’, ‘కూసోబెట్టు’ అయింది. మెకానిక్ షెడ్డుల్లో బతికి ఉన్నది ఈ మాటే. ‘బేరింగ్ సరిగ కూసోలే’, ‘వాల్వు కూసుంటలేదు’ అనడం అక్కడ మామూలు. రీసీట్ అర్థం తెలుగువారికి కొత్తదేమీ కాదు, ఆ ఇంగ్లీషు పేరే కొత్త.

మారుతున్నది ఏది?

నిఘంటువులు ఈ క్రియకు మూడు ప్రధానమైన అర్థాలు ఇస్తాయి. మనిషిని మళ్లీ కూర్చోబెట్టడం, కుర్చీ లాంటిదానికి కొత్త సీటు వేయడం, ఒక భాగాన్ని దాని చోట్లో మళ్లీ సరిగ్గా అమర్చడం. మూడింటినీ బట్టీ పట్టడం కన్నా ప్రతిసారీ ‘ఇక్కడ మారుతున్నది ఏది?’ అని అడిగితే అర్థం తేలిపోతుంది.

మనుషుల విషయంలో మనిషి అతనే, చోటు మారవచ్చు. కాజీపేట జంక్షన్‌లో రైలెక్కిన కుటుంబానికి తలా ఒక పెట్టెలో బెర్తులు పడితే, టీటీఈ ఖాళీలు చూసి అందరినీ ఒకచోట సర్దితే అది రీసీట్ చేయడమే. విమానాల్లో, సినిమా హాళ్లలో, హోటళ్లలో ఈ మాట ఇదే అర్థంలో వినిపిస్తుంది. పెళ్లి భోజనాల్లో ‘ఇంకో బంతికి కూసుందురు ఆగండి’ అని నిలబెట్టి, తర్వాత పిల్లలను, పెద్దలను చూసి కూర్చోబెట్టేవారు చేసే పని కూడా దీనికి దగ్గరే. ఇక్కడ ఒక వ్యాకరణ విషయం ఉంది. ఇంగ్లీషులో ఈ క్రియకు కర్మ కావాలి. ఎవరో ఒకరు ఇంకొకరిని కూర్చోబెట్టాలి. మనంతట మనం లేచి మళ్లీ కూర్చుంటే దానికి మామూలుగా ఈ మాట వాడరు. తెలుగులో ‘కూర్చోవడం’, ‘కూర్చోబెట్టడం’ రెండు వేరు క్రియలు కాబట్టి ఈ తేడా మనకు తేలిగ్గా అందుతుంది.

రెండో అర్థంలో సీటే కొత్తది. కేన్ కుర్చీ అల్లిక తెగిపోతే ఫ్రేము అలాగే ఉంచి మళ్లీ అల్లిస్తారు. మన ఇళ్లలో దీనికి సరిపోలేది నులక మంచం. పట్టెలు, కోళ్లు పాతవే. కుంగిన నులక తీసేసి కొత్తది అల్లుతారు. బైకు సీటుకు కొత్త స్పాంజి వేసి రెక్సిన్ కుట్టించడం, పాత హాలులో కుర్చీలన్నీ మార్చడం కూడా ఇందులోకే వస్తాయి. కూర్చునే చోట చిరిగిన ప్యాంటుకు కొత్త గుడ్డ వేసి కుట్టడానికి కూడా ఇంగ్లీషులో ఇదే మాట. ఈ అర్థం ఇప్పుడు వాడకంలో తగ్గుతోంది. కారణం తేలికే: ప్లాస్టిక్ కుర్చీ విరిగితే ఎవరూ బాగు చేయించరు.

మూడో అర్థంలో వస్తువూ మారదు, చోటూ మారదు. రెండింటి మధ్య పట్టు మాత్రమే కొత్తదవుతుంది. ఈరోజు జనాన్ని గందరగోళపెడుతున్నది ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు దీని దగ్గర ఆగాలి.

తీసి పెడితే ఎందుకు పనిచేస్తుంది?

‘ర్యామ్ తీసి పెట్టిండు, నడిచింది. దానికి డబ్బులెందుకు?’ అని రిపేర్ షాపుల దగ్గర వినిపించే మాట. కొత్త భాగం వేయలేదు, అతికించింది లేదు. మరి ఏం జరిగినట్టు?

డెస్క్‌టాప్‌లో వాడే డీడీఆర్4 ర్యామ్ పలకకు అంచున 288 లోహపు పట్టీలుంటాయి. ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న రకానికి 260. వీటిలో ప్రతి ఒక్కటీ పలక కూర్చునే స్లాట్‌లోని సన్నని స్ప్రింగు లాంటి తీగకు ఆనాలి. ఆనే చోటు చాలా చిన్నది. ముఖ్యమైన ఒక్కటి సరిగ్గా ఆనకపోయినా కంప్యూటర్ మొదలు కాదు, లేదా మధ్యలో ఆగిపోతుంది.

ఈ ఆనిక చెడడానికి కారణాలు చాలావరకు మామూలు వాడకంలోనివే. కంప్యూటర్ నడిచేటప్పుడు లోపల వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. వేడికి లోహం, ప్లాస్టిక్ వేర్వేరుగా సాగుతాయి, చల్లారితే ముడుచుకుంటాయి. నెలల తరబడి ఇలా జరిగితే పలక వెంట్రుకవాసి కదులుతుంది. మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే వానాకాలపు తేమ ఉండే మన ప్రాంతంలో ఈ సాగడం, ముడుచుకోవడంతో పాటు లోహం మీద సన్నని పొర కూడా పేరుకుంటుంది. దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. సీపీయూను బండి మీద పెట్టుకుని గుంతల రోడ్డు మీద తెస్తే ఆ కుదుపు ఒకటి.

పలకను పైకి తీసి మళ్లీ నొక్కినప్పుడు పట్టీలు, తీగలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడికే పొర తొలగిపోయి లోహానికి లోహం తగులుతుంది. తీయడం, పెట్టడం అనే పనిలోనే శుభ్రం చేయడం కలిసి ఉంది. షాపులో తీసుకునే డబ్బు, తప్పు ఎక్కడుందో కనిపెట్టిన తెలివికి.

ఈ సమస్య కంప్యూటర్లంత పాతది. 1980లో యాపిల్ సంస్థ విడుదల చేసిన యాపిల్ త్రీ కంప్యూటర్‌లో వేడికి చిప్పులు సాకెట్లలోంచి కొద్దికొద్దిగా పైకి లేచేవి. కంప్యూటర్‌ను కొన్ని అంగుళాల ఎత్తుకు లేపి బల్లమీద వదలమని వాడేవారికి సలహా ఇచ్చారన్నది కంప్యూటర్ చరిత్రలో బాగా ప్రచారంలో ఉన్న సంగతి. మూత తీయకుండానే చిప్పులను మళ్లీ కూర్చోబెట్టడం ఆ సలహా ఉద్దేశం. ఇప్పటి యంత్రాలతో అలా చేయకూడదు. హార్డ్ డిస్క్ ఉంటే అది దెబ్బతింటుంది.

అయితే రీసీట్ అన్నిటికీ మందు కాదు. ర్యామ్ స్లాట్లు లెక్కలేనన్నిసార్లు తీసి పెట్టడానికి చేసినవి కావు. వారం తిరక్కుండా అదే తప్పు మళ్లీ వస్తే పట్టు ఒక్కటే కారణం కాదని అర్థం. ర్యామో, స్లాటో, పవర్ సప్లైయో పాడై ఉండవచ్చు. రబ్బరుతో పట్టీలు రుద్దడం మన షాపుల్లో బాగా అలవాటు. నెమ్మదిగా ఒకసారి రుద్దితే ఫర్వాలేదు కానీ పట్టీల మీది బంగారు పూత చాలా పలచన. గట్టిగా, పదేపదే రుద్దితే ఆ పూతే పోతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ దిమ్మె విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. దాన్ని ఒకసారి పైకి తీశాక, వేడిని బయటికి పంపే పాత పేస్టు తుడిచి కొత్తది రాయకుండా మళ్లీ కూర్చోబెట్టకూడదు. రాయకపోతే వేడి సరిగ్గా బయటికి పోదు.

కుక్కర్ విజిల్ నుంచి చెల్పూరు బాయిలర్ దాకా

వాల్వుల దగ్గర ఈ క్రియ వాడకం కొంచెం వేరు. ఇక్కడ ఎవరూ చేత్తో కూర్చోబెట్టరు. వాల్వు తనంతట తానే లేస్తుంది, తానే కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్మ లేకుండా ‘వాల్వు రీసీట్ అయింది’ అనగలిగేది ఇలాంటి చోటే.

దీనికి వంటింట్లోనే ఉదాహరణ ఉంది. ప్రెషర్ కుక్కర్ మూతమీది బరువు ఒక చిన్న రంధ్రం మీద ఆని ఉంటుంది. లోపలి ఆవిరి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో దాటగానే బరువు పైకి లేస్తుంది, ఆవిరి పోతుంది, విజిల్ వస్తుంది. ఒత్తిడి తగ్గగానే బరువు మళ్లీ తన చోట్లో పడి రంధ్రాన్ని మూస్తుంది. ప్రతి విజిల్ చివర జరిగేది రీసీట్. బరువుకు, రంధ్రానికి మధ్య పప్పుగింజ పొట్టు ఇరుక్కుంటే విజిల్ రాకుండా ఆవిరి బుస్సుమని పోతూనే ఉంటుంది. అప్పుడు వాల్వు కూర్చోలేదని అర్థం.

ఇదే సూత్రం పెద్ద ఎత్తున భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల బాయిలర్ల సేఫ్టీ వాల్వుల్లో పనిచేస్తుంది. అక్కడ రెండు అంకెలు ముఖ్యం. వాల్వు ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో అది ఒకటి. ఏ ఒత్తిడి దగ్గర మళ్లీ కూర్చోవాలో అది రెండోది. రెండూ ఒకటి కావు. ఉదాహరణకు 100 దగ్గర తెరుచుకున్న వాల్వు 100కు తగ్గగానే మూసుకోదు, 96 దగ్గరికి వచ్చాక మూసుకుంటుంది అనుకుందాం.

ఈ తేడా లోపం కాదు, కావాలని పెట్టింది. మూసి ఉన్నప్పుడు ఆవిరి వాల్వు పలకలో కొంత భాగాన్నే నెడుతుంది. కొద్దిగా లేవగానే ఆవిరి పలక మొత్తం మీదికి పరుచుకుని ఎక్కువ బలంతో నెడుతుంది. అందుకే వాల్వు ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకుంటుంది. తిరిగి కూర్చోవాలంటే ఒత్తిడి ఇంకా తగ్గాలి. ఆ తేడా మరీ తక్కువైతే వాల్వు క్షణక్షణం తెరుచుకుంటూ మూసుకుంటూ టకటకలాడి సీటు అంచు అరిగిపోతుంది. మరీ ఎక్కువైతే పనికొచ్చే ఆవిరి వృథాగా పోతుంది.

పొలాల్లో బావి మోటార్లకు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వుది కూడా ఇదే కథ. మోటారు ఆపగానే అది కూర్చుంటే పైపులో నీళ్లు నిలుస్తాయి. చెత్తపుల్ల అడ్డం పడి కూర్చోకపోతే నీళ్లు దిగిపోతాయి, తెల్లారి మోటారు వేసే ముందు బకెట్లతో నీళ్లు పోయాల్సిందే. రైతులు దీన్ని ‘ఫుట్‌వాల్వు పడ్తలేదు’ అంటారు. పట్టడం, కూర్చోవడం ఇక్కడ ఒకే అర్థం.

బండి ఇంజన్‌లో వాల్వు సరిగ్గా ఆనకపోతే కంప్రెషన్ పోతుంది. అప్పుడు గరుకు పేస్టు రాసి వాల్వును సీటు మీద తిప్పుతూ రెండూ అతుక్కునేలా అరగదీస్తారు. షెడ్డుల్లో దీనికి వాల్వ్ గ్రైండింగ్ అని పేరు. ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము నుంచి ఊడితే గాలి జోరుగా కొట్టి టప్‌మని మళ్లీ పట్టించడం కూడా రీసీట్ కిందికే వస్తుంది.

గద్దె, పీఠం, పునాది

ఇంగ్లీషులో ఈ మాటకు రాజును తిరిగి సింహాసనం మీద కూర్చోబెట్టడం అనే పాత అర్థం కూడా ఉంది. ఇప్పుడు దాన్ని పెద్దగా వాడటం లేదు. దాని వ్యతిరేక పదం ‘అన్‌సీట్’ మాత్రం ఎన్నికల వార్తల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగులో రెండూ సజీవంగా ఉన్నాయి: గద్దె దించడం, గద్దెనెక్కించడం. ములుగు జిల్లా మేడారంలో ఆ గద్దె మాట అక్షరాలా నిజం. రెండేళ్లకోసారి కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చి తమ గద్దెలకు చేరతారు, జాతర ముగిశాక వనప్రవేశం చేస్తారు. గద్దె అక్కడే ఉంటుంది, తల్లులు మళ్లీ వచ్చి చేరతారు. ఇంత పవిత్రమైన సందర్భానికి రీసీట్ అనే యంత్రాల మాట సరిపోదు. కానీ ‘తన చోటుకు తాను తిరిగి చేరడం’ అనే భావం తెలుగులో ఎంత లోతుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గుళ్లలో పీఠం మీద విగ్రహం పట్టు సడలితే ఎనిమిది ద్రవ్యాలు కలిపి దంచిన ముద్దతో మళ్లీ బిగించే అష్టబంధనం ఉంది. వస్తువు అదే, చోటు అదే, పట్టు కొత్తది. మూడో అర్థానికి ఇంత కచ్చితమైన ఉదాహరణ దొరకడం కష్టం.

హన్మకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం దగ్గర విషయం ఇంకాస్త క్లిష్టం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ ఆలయానికి ఎదురుగా ఉన్న మండపం శిథిలం కావడంతో పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పింది. పునాదిని పటిష్టం చేసి మళ్లీ నిలబెట్టింది. ఏళ్ల తరబడి సాగిన ఈ పని తర్వాత 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు మండపం తెరుచుకుంది. మొత్తం పనికి ఇంగ్లీషులో రీసీట్ అనరు, పునర్నిర్మాణం అనే అర్థం వచ్చే మాటలే వాడతారు. కానీ కదిలిన ఒక దూలాన్ని ఎత్తి దాని స్తంభం తలమీద తిరిగి సరిగ్గా ఆనేలా దించడానికి ఈ క్రియ అతుకుతుంది. మండపం మొత్తాన్ని చూస్తే రాళ్లు పాతవే, కూర్చున్న చోటు బలపడింది.

తెలుగులో ఎలా చెప్పాలి

సర్వీస్ సూచనలను ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని చదివేవారు పెరుగుతున్నారు. అక్కడ ‘ర్యామ్‌ను రీసెట్ చేయండి’ అని గానీ, ‘మెమరీ తిరిగి కూర్చోండి’ అని గానీ వస్తే చదివేవారికి దారి దొరకదు. మొదటిది ప్రమాదం, రెండోదానికి అర్థమే లేదు. ‘రీప్లేస్’ అనే మాట కూడా ఇక్కడ కలిసిపోతుంది. అది కొత్తది వేయడం. తీసి పెట్టమన్నచోట మార్చమన్నారనుకుంటే అక్కర్లేని ఖర్చు మీద పడుతుంది.

‘పునఃస్థాపించు’ లాంటి మాటలు వ్యాకరణానికి బాగానే ఉంటాయి కానీ, ఆ మాట వింటే ఇన్‌స్టాల్ చేయడమో, విగ్రహం పెట్టడమో గుర్తొస్తుంది. ఇంగ్లీషు ఒక్క క్రియలో దాచిన రెండు పనులను తెలుగు విడిగా చెబితేనే స్పష్టం: తీయాలి, మళ్లీ కూర్చోబెట్టాలి. ‘ఇప్పి మళ్ల కూసోబెట్టు’ అని షెడ్డులో చెప్పే మాట పుస్తకంలో రాసే అనువాదం కన్నా సరైనది. సర్వీస్ కాగితాలను తెలుగులోకి తెచ్చేవారు ఆ షెడ్డు మాటనే కొంచెం సవరించి వాడుకోవచ్చు. ఉదాహరణకు ర్యామ్ గురించిన సూచన ఇలా ఉండవచ్చు:

‘కంప్యూటర్ ఆపి, కరెంటు వైరు తీయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్షన్ కూడా తీయండి. ఏదైనా లోహపు వస్తువును ఒకసారి ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయాక ర్యామ్ పలకను అంచులు పట్టుకుని బయటికి తీయండి. పలక మీది గాడి, స్లాట్‌లోని గాటు ఒకే వైపు ఉన్నాయో లేదో చూసుకుని, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి మళ్లీ కూర్చోబెట్టండి. మీ ఫైళ్లకు ఏమీ కాదు.’